ఎండకు నిలిచాకే వల అమ్మాలి

నారు పెంచే రైతు సోదరులారా, అక్కచెల్లెళ్లారా!

మా నర్సరీ పందిరి మీది షేడ్‌నెట్ రెండో వేసవికే రెండు వేళ్ల మధ్య నలిపితే పొట్టులా రాలింది. ఆషాఢం గాలికి నిలువునా చిరిగింది. కింద ట్రేల్లోని మిర్చి నారు సగం వాలిపోయింది. ఐదేళ్లు ఢోకా లేదన్న వ్యాపారి మాట నోటిమాటే, బిల్లులో ఆ ముక్క లేదు.

ఎండను నిందించి లాభం లేదు. ఎండలోని అతినీలలోహిత (యూవీ) కిరణాలు ప్లాస్టిక్‌లోని పొడవాటి అణువుల గొలుసులను తెంచుతాయి. వేడి, గాలిలోని ఆక్సిజన్ ఆ పనిని తొందర చేస్తాయి. రంగు వెలుస్తుంది, పెళుసుబారుతుంది, చిట్లుతుంది. విరుగుడూ ఉంది. డ్రిప్ పైపుల నలుపు వాటిలో 2 నుంచి 3 శాతం కలిపే కార్బన్ బ్లాక్‌ది. కిరణాలను అది పీల్చుకుని పైపును కాస్తుంది. రంగు వలల్లో యూవీ స్టెబిలైజర్లు కలపాలి. వాటికి ఖర్చవుతుంది. తగ్గించి కలిపినా కొత్త వల మెరుస్తూనే ఉంటుంది. తడిమి చూసి కొంటే తెలిసేది కాదు, పరీక్ష చేయాల్సిందే.

ఆ పరీక్షలు ఏనాటి నుంచో ఉన్నవే. జినాన్ దీపాల కింద, యూవీ ట్యూబుల కింద నమూనాను వందల గంటలు ఉంచి, మధ్యమధ్య తడిపి, ఆపైన లాగి తెంచి మిగిలిన బలాన్ని కొలుస్తారు. అమెరికాలో ఫ్లోరిడా తేమ ఎండలో, అరిజోనా పొడి ఎండలో ఏళ్ల తరబడి ఆరబెట్టి చూస్తారు. షేడ్‌నెట్లకు మనకూ ఐఎస్ 16008 ప్రమాణం ఉంది. అయినా చాలాచోట్ల అసలు పరీక్ష మన పందిళ్ల మీదే జరుగుతోంది, మన ఖర్చుతో, మన నారును పణంగా పెట్టి.

అందుకే అడుగుదాం:

1. సబ్సిడీపై ఇచ్చే ప్రతి వలకూ, టార్పాలిన్‌కూ ఎన్ని గంటల పరీక్షలో ఎంత బలం మిగిలిందో చెప్పే ల్యాబ్ రిపోర్టు ఉండాలి.
2. తయారైన నెల, హామీ ఏళ్లు వల అంచు మీదే అచ్చు వేయాలి.
3. రెంటచింతల ఎండలో ఒకటి, విశాఖ ఉప్పుగాలిలో ఒకటి ప్రభుత్వం ఆరుబయట పరీక్షా స్థలాలు పెట్టి, ఫలితాలను ఊరూరా రైతు సేవా కేంద్రాల్లో అంటించాలి.

మన వంతు పని ఈ సీజన్ నుంచే మొదలుపెడదాం. హామీ ఏళ్లు బిల్లు మీద రాయించుకోండి. రాయనంటే కొనకండి. కొన్న రోజే జానెడు ముక్క కోసి, బిల్లుతో కలిపి బీరువాలో దాచండి. ఆర్నెల్లకోసారి పందిరి మీది వలతో పోల్చి చూడండి. గడువులోపే వల పొడైతే ఆ జానెడు ముక్కే మన సాక్షి.

ఇట్లు,
పల్నాడులో నారు పెంచే ఒక రైతు