తాలింఖానా కూడ ఒక బడియే

దసరా నాడు అమలాపురము వీధులలో కత్తులు మెరయును. కన్నులకు గంతలు కట్టుకొని, పరుండిన మనిషి మేనిపై నుంచిన కాయను ఒక్క వ్రేటున నరకు చెడీ తాలింఖానా వీరులను చూడ మా ఆత్రేయపురము నుండియు జనులు పోవుదురు. ఈ విద్యను అచట పంతొమ్మిదవ శతాబ్దిలో, తెల్లదొరల యేలుబడిలో, ప్రారంభించినవారు అబ్బిరెడ్డి రామదాసు. ఈ పేరు మన విద్యార్థులలో ఎందరు ఎరుగుదురు?

చీనా ముష్టివీరులను మాత్రము మన పిల్లలు చలనచిత్రములలో చూచి బాగుగనే ఎరుగుదురు. ఫోషాన్ పట్టణమున 1893లో జన్మించిన యిప్ మాన్, యాబదియవ యేడు దాటిన పిదప హాంగ్‌కాంగ్ చేరి, 'వింగ్ చున్' విద్యను బోధించి జీవించెను, 1972లో గతించెను. ఆయనను లోకమునకు ఎరుకపరచినవాడు శిష్యుడు బ్రూస్ లీ. గురువునకు శిష్యుడే శిలాశాసనము.

'తాలీము' అనగా విద్య, 'ఖానా' అనగా ఇల్లు. తాలింఖానా పేరులోనే బడి యున్నది. కాయను తెగవేయుట బలము. మేనికి గాటు పడకుండ కత్తి నాపుట విద్య. ఆ నిగ్రహము ఒక్కనాటి ఊరేగింపులో పుట్టదు. ఏండ్ల సాధనలో పుట్టును.

పసివారి చేతికి కత్తులేల యని కొందరందురు. నిజమే. కత్తి పెద్దల చేతనే యుండనిండు. బాలబాలికలకు కఱ్ఱసాము చాలును. ఉపాధ్యాయులు వ్యాయామపు గంటలో ఒక తాలింఖానా గురువును బడికి పిలువవలెను; తెలుగు గంటలో ఆయన చెప్పిన సంగతులను విద్యార్థుల చేత వ్రాయింపవలెను. పండుగ చప్పట్లు ఆ రాత్రితో ముగియును. శిష్యులు దొరకిననాడే రామదాసు విద్య మరుతరమునకు మిగులును.