పలకని పసివాణ్ణి ఎవరు పట్టించుకోవాలి?

నాలుగేళ్ల పిల్లవాడు అంగన్‌వాడీలో నోరు విప్పడు. పేరు పెట్టి పిలిచినా తల తిప్పడు. ఇంట్లో ఉర్దూ, కేంద్రంలో తెలుగు కనుక భాష అర్థంకాక ఊరుకున్నాడని టీచరమ్మ అనుకుంటుంది. వాళ్ల అబ్బాకూ మాటలు ఆలస్యంగానే వచ్చాయని దాదీ సర్దిచెబుతుంది. తల్లి తాయత్తు కట్టించి ఎదురుచూస్తుంది. వినికిడి లోపమని తేలేసరికి వాడికి బడి ఈడు వస్తుంది. మాటలు నేర్చుకోవలసిన విలువైన ఏళ్లు అప్పటికే చేజారిపోతాయి. ఇందుకు విరుద్ధమైన అన్యాయమూ ఉంది. కేవలం తెలుగు రాక మౌనంగా ఉన్న పిల్లకు ‘మందబుద్ధి’ అనే ముద్ర పడుతుంది.

ఈ రెండు పొరపాట్లకూ మూలం ఒకటే. పసిపిల్లల టీచరూ, వైకల్యంగల పిల్లలకు బోధించే ప్రత్యేక ఉపాధ్యాయుడూ కలిసి పనిచేసే ఏర్పాటు బలంగా లేదు. అంగన్‌వాడీలు మహిళా శిశు సంక్షేమ శాఖ కింద, భవిత కేంద్రాలు సమగ్ర శిక్ష కింద నడుస్తాయి. ఒకరికి పిల్లవాడి రోజువారీ నడత తెలుసు. మరొకరికి లోపాన్ని పసిగట్టి తగినట్లు బోధించే పద్ధతి తెలుసు. ఈ రెండు అనుభవాలూ ఒకే గదిలో కలవకపోతే నష్టపోయేది బిడ్డే.

చట్టాలు లేక కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. పిల్లలందరినీ ఏడాదికి ఒక్కసారైనా పరీక్షించాలని చెప్పింది. కాని ఉచిత విద్యా హక్కును 6 నుంచి 18 ఏళ్ల వారికే ఇచ్చింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం కూడా 3–6 ఏళ్ల పిల్లల చదువును హక్కుగా కాక, ప్రభుత్వం చేయదగిన ఏర్పాటుగానే వదిలేసింది. 2023లో కేంద్ర ప్రభుత్వం దివ్యాంగ బాలలకోసం అంగన్‌వాడీ ప్రోటోకాల్‌ను విడుదల చేసి, ముందుగా గుర్తించడం, కలుపుకోవడం, వైద్యసేవలకు పంపడం అనే మార్గాన్ని చూపింది. ఆ మార్గంలో టీచరమ్మ ఒంటరిగా నడవలేదు.

అందుకే మేము కోరేది స్పష్టం. ప్రత్యేక ఉపాధ్యాయులు నెలకు ఒక్కసారైనా అంగన్‌వాడీకి రావాలి. బిడ్డను వేరే గదికి తీసుకుపోకుండా, తోటి పిల్లల ఆటపాటల్లోనే ఎలా కలుపుకోవాలో ఇద్దరూ కలిసి నిర్ణయించాలి. సరిగా వినపడని పిల్లవాణ్ణి ముందు కూర్చోబెట్టడం, ముఖం చూస్తూ మాట్లాడటం, బొమ్మలు చూపి చెప్పడం ఖర్చుతో కూడిన పనులు కావు. వారు రాసిన వివరాలు బిడ్డతో పాటే ఒకటో తరగతికి చేరాలి. ముస్లిం బస్తీల్లో పరీక్ష ఉర్దూలో జరగాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉర్దూ రెండో అధికార భాష. ఆ హోదా కార్యాలయాల బోర్డులకే పరిమితమైతే పసివాడికి ఒరిగేదేమిటి?

మన బాధ్యతా తక్కువేమీ కాదు. వైకల్యాన్ని పరువు సమస్యగా దాచడం మానాలి. దువా చేద్దాం, దానితోపాటు పరీక్షా చేయిద్దాం. జిల్లా సత్వర చికిత్సా కేంద్రం ఎక్కడుందో మసీదు కమిటీలు జుమా నాడు చెప్పాలి. తల్లులు టీచరమ్మను నిలబెట్టి ఒక్క మాట అడగాలి: “మా బిడ్డను చూడటానికి ప్రత్యేక టీచరు ఎప్పుడొస్తారమ్మా?” ఆ ప్రశ్న ప్రతి బస్తీలోనూ వినిపిస్తే, శాఖల మధ్య గోడ కదలక తప్పదు.