పాత యంత్రం ఎవరి సొత్తు?

మా ఇంట్లో ఒక మూల పాత కంప్యూటరొకటి రాత్రింబవళ్లు నడుస్తూ ఉంటుంది. కాలం చెల్లిన ఆపరేటింగ్ సిస్టములు రెండింటిని అందులో నడుపుతున్నాను. ఈ సంగతి తెలిసి మిత్రులొకరు నన్ను నిలదీశారు: "ముందుకు చూడవలసినవాడివి, ఈ శవజాగారమేమిటి? పాతదంతా బంగారమనే ఛాందసులకూ నీకూ భేదమేమిటి?"

ప్రశ్న న్యాయమైనదే. పాత తెర రంగులు చూసుకొని, యంత్రం లేచేటప్పుడు మోగే స్వరం విని కళ్లు చెమర్చుకునే కాలక్షేపరాయుళ్లు ఉన్న మాట నిజం. తాతలు తాగిన నేతులకు తమ మూతులు వాసన చూపించేవారికీ వారికీ తేడా లేదు. వారి తరపున నేను వకాల్తా పుచ్చుకోను. కాని వారిని చూపించి అసలు ప్రశ్నను పాతిపెట్టడం అన్యాయం. అసలు ప్రశ్న పాతదా, కొత్తదా అని కాదు. మనుషులు శ్రమించి నిర్మించినదాన్ని చదివే హక్కు ఎవరిది అని.

నేను నడిపేవాటిలో మొదటిది యునిక్స్ ఆరవ కూర్పు. 1975లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల నుంచి వెలువడింది. పి.డి.పి.-11 అనే యంత్రం మీద నడిచేది. ఆ యంత్రం నా దగ్గర లేదు. సిమ్‌హెచ్ అనే ప్రోగ్రాం దాని ఆజ్ఞలను ఒక్కొక్కటే అనుకరిస్తూ, యంత్రం ఉన్నట్లే పని జరిపిస్తుంది. అందులో తప్పు అక్షరం కొట్టేసుకోవాలంటే హాష్ గుర్తు వేయాలి. ఎందుకు? ఆనాడు మనిషి ఎదుట ఉన్నది తెర కాదు, కాగితం మీద అచ్చుకొట్టే టెలిటైపు. పడిన అక్షరాన్ని అది చెరపలేదు. పది ఉపన్యాసాలు విన్నా పట్టుబడని ఈ విషయం పది నిమిషాల వాడకంతో విద్యార్థికి బోధపడుతుంది.

ఈ వ్యవస్థకు గుండెకాయ వంటి కెర్నెల్ సుమారు 9,000 పంక్తులు. ఒక్క మనిషి ఆసాంతం చదవగలిగినంత. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయ అధ్యాపకుడు జాన్ లయన్స్ 1976లో తన విద్యార్థుల కోసం దానికి వ్యాఖ్యానం రాశాడు. ఆ కోడులో ఒకచోట, ఇది చదివేవారికి అర్థం కావాలని తాము ఆశించడం లేదని నిర్మాతలే రాసుకున్నారు. ఉపాధ్యాయుడి పని అక్కడే గదా మొదలయ్యేది!

మరి సొంతదారు ఏమి చేశాడు? 1979లో ఏడవ కూర్పు వచ్చినప్పుడు, దాని మూలాన్ని తరగతిలో పాఠంగా చెప్పరాదని ఏ.టి. అండ్ టి. కంపెనీ లైసెన్సులో నిబంధన పెట్టింది. లయన్స్ పుస్తకం ఫొటోకాపీకి ఫొటోకాపీగా చేతులు మారింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆండ్రూ టానెన్‌బామ్ పాఠం చెప్పుకోవడానికి తానే మినిక్స్ అనే చిన్న వ్యవస్థను నిర్మించి 1987లో వెలువరించవలసివచ్చింది. లయన్స్ పుస్తకం బాహాటంగా అచ్చయింది 1996లో. అంతవరకు ఒక పాఠ్యపుస్తకం దొంగసరుకుగా బతికింది. 2002లో, హక్కులు చేతికి వచ్చిన కాల్డెరా కంపెనీ ఈ పాత కూర్పులను స్వేచ్ఛగా వాడుకోవచ్చునన్నది. లయన్స్ 1998లోనే కన్నుమూశాడు.

ఇదంతా పరాయి దేశపు గొడవ అనుకోకండి. నా రెండవ వ్యవస్థ కథ వినండి. 1990ల చివర మా ఉపాధ్యాయ సంఘం కరపత్రాలు డి.టి.పి.లో కూర్చాము. తెలుగు అక్షరాలు 1991లోనే యూనికోడ్‌లో చేరినా, డి.టి.పి. కేంద్రాల్లో ఏ ఫాంటు లెక్క దానిదే. ఈనాటి కంప్యూటరులో ఆ ఫైళ్లు తెరిస్తే అర్థంపర్థం లేని ఇంగ్లీషు అక్షరాల గుట్ట కనిపిస్తుంది. ఆనాటి ఆపరేటింగ్ సిస్టంను వర్చువల్ మెషీన్‌లో లేపి, ఫ్లాపీలో మిగిలిన ఫాంటును అందులో వేశాను. మా సమ్మె కోరికలు మళ్లీ తెలుగులో ప్రత్యక్షమయ్యాయి.

కాని ఆ వ్యవస్థ ఏ కంప్యూటరుతోపాటు అమ్ముడుపోయిందో ఆ ఒక్కదానిలోనే నడవాలని దాని లైసెన్సు. ఆ కంప్యూటరు చచ్చి చాలా ఏళ్లయింది. గనుక కరపత్రమూ చావాలన్నమాట! రాసినది మేము, చందాలు పోగుచేసినది మేము. చదివితే మాత్రం నేను దొంగను.

పాత వ్యవస్థలకు రక్షణ లేదు, వైరస్సులు పడతాయి అంటారు. నిజమే. అందుకే నేను దాన్ని నెట్‌వర్కుకు తగిలించను. జాగ్రత్త వేరు, నిషేధం వేరు. ఇస్తే వ్యాపారం మునుగుతుందనే మాటా వినిపిస్తుంది. ఎమ్మెస్-డాస్ తొలి కూర్పులు రెండింటి మూలాన్ని మైక్రోసాఫ్ట్ 2018లో స్వేచ్ఛా లైసెన్సుతో బయటపెట్టింది. ఏ వ్యాపారం మునిగింది?

అమ్మడం మానేసి, మరమ్మతు మానేసిన వ్యవస్థను నడుపుకొనే హక్కు, చదివే హక్కు ప్రజలకు దక్కాలి. నా ఇంటి మూలనున్నది నాతోనే పోతుంది. అది కళాశాలల ప్రయోగశాలల్లోకి, గ్రంథాలయాల్లోకి రావాలి. అధ్యాపకులు అడగాలి, విద్యార్థులు పట్టుబట్టాలి.

మిత్రుడు దీన్ని శవజాగారమన్నాడు. శవానికి ఎవరూ తాళం వేయరు.