చివరి స్థానం – మొదటి ఎంపిక

2008వ సంవత్సరంలో డెట్రాయిట్ లయన్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు పదహారు ఆటలాడి పదహారింటిలోనూ పరాజయం పొందినది. అంతకుముందు ఆ లీగ్‌లో ఇట్టి అపకీర్తి ఏ జట్టుకూ కలుగలేదు. విచిత్రమేమనగా, సీజనుకు ముందు జరిగే సన్నాహక పోటీలు నాలుగింటిలోనూ ఈ జట్టే గెలిచినది!

ఫుట్‌బాల్ అనగానే మన విద్యార్థులకు కాలితో తన్నే ఆట స్ఫురిస్తుంది. ఇది వేరు. కోలగా ఉండే బంతిని చేతబట్టుకొని పరుగెత్తియో, విసరి అందుకొనియో ప్రత్యర్థి హద్దు దాటించాలి. అట్లు దాటించడమే టచ్‌డౌన్.

ఆ ఏడు లయన్స్‌ను చూచి నవ్వినవారు చాలామంది. అక్టోబరులో మిన్నెసోటాతో జరిగిన ఆటలో క్వార్టర్‌బ్యాక్ డాన్ ఓర్లోవ్‌స్కీ, మీదికి వస్తున్నవారిని తప్పించుకొనే తొందరలో, తన వెనుక గీత దాటి అడుగు వేశాడు. అందుకు ప్రత్యర్థికి రెండు పాయింట్లు లభించాయి. ఆట 12–10తో ముగిసినది. ఓటమికి ఆ రెండు పాయింట్లే తేడా.

అయితే జట్టులో సమర్థులు లేరనడం అన్యాయం. కాల్విన్ జాన్సన్ బంతి అందుకొని 12 టచ్‌డౌన్లు చేశాడు. లీగ్ మొత్తంలో అంతకు మించినవాడు లేడు. జేసన్ హాన్సన్ 22 ఫీల్డ్ గోల్ ప్రయత్నాలలో 21 సాధించాడు. కాని జట్టు ఎదుటివారికి ఇచ్చిన పాయింట్లు 517. ఒకరిద్దరి ప్రతిభ ఆ గండిని పూడ్చగలదా?

అమెరికాలో ఒక చక్కని నియమమున్నది. కళాశాలల నుండి వచ్చే క్రీడాకారులను జట్లు ఏటా వరుసక్రమంలో ఎన్నుకొంటాయి. దానిని డ్రాఫ్ట్ అంటారు. అందరికన్న వెనుకబడిన జట్టుకు అందరికన్న ముందు ఎంపిక. ఇంగ్లండు ఫుట్‌బాల్‌లో అడుగున నిలిచిన జట్లను క్రింది శ్రేణికి దింపుతారు, ఇక్కడ చేయూతనిస్తారు. ఈ నియమాన్ని నేను మనసారా సమర్థిస్తాను. దయాధర్మమని నిరసించేవారితో నాకు ఏకీభావం లేదు. బలవంతుడే ఎల్లకాలం గెలిచే పోటీని చూడడానికి ఎవరు వస్తారు?

కాని అవకాశం వేరు, వివేకం వేరు. లయన్స్‌కు 2002 నుండి 2007 వరకు వరుసగా ఆరేళ్లు మొదటి పది స్థానాలలోనే ఎంపిక లభించినది. 2003, 2004, 2005, 2007 – ఈ నాలుగేళ్లలోనూ తొలి ఎంపికగా బంతిని అందుకొనే రిసీవర్‌నే తీసుకొన్నారు! వారిలో జాన్సన్ ఒక్కడే మహా ఆటగాడుగా నిలిచాడు. ఎదుటివారిని అడ్డుకొనేవారెవరని అడిగిన వివేకి సమితిలో లేకపోయెనా? ఈ ఎంపికలకు బాధ్యుడైన మాట్ మిల్లెన్‌ను 2008 సెప్టెంబరులో గాని తొలగించలేదు. అప్పటికి ఆయన కాలంలో 31 గెలుపులు, 84 ఓటములు. శిక్షకుడు రాడ్ మారినెల్లిని మాత్రం చివరి ఆట మరునాడే పంపివేశారు. జట్టు ఫోర్డ్ కుటుంబం చేతిలోనే ఉన్నది. క్రింది శ్రేణికి దిగే భయం లేని చోట యజమానికి తొందర ఏమి ఉంటుంది? నియమంలోని లోపమేదైనా ఉన్నదంటే అది ఇదే. చేయూత జట్టుకు అందుతుంది. జవాబుదారీ ఎవరినీ తాకదు.

2009లో మొదటి ఎంపిక మళ్లీ లయన్స్‌కే వచ్చినది. ఈసారి క్వార్టర్‌బ్యాక్ మాథ్యూ స్టాఫర్డ్‌ను తీసుకొన్నారు. ఆ సెప్టెంబరు 27న వాషింగ్టన్‌పై 19–14తో గెలిచారు. వరుసగా పందొమ్మిది ఓటముల తరువాత అది తొలి విజయం. 2011లో పది ఆటలు గెలిచి ప్లేఆఫ్ పోటీలకు చేరారు.