ఫీచర్ సరే, మోసేదెవరు?

2038 జనవరి 19. మన గడియారంలో ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లు దాటగానే, పాత పద్ధతిలో కాలాన్ని లెక్కపెట్టే కంప్యూటర్లు 1901కి వెళ్లిపోతాయి. 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లను అవి 32 బిట్ల చోటులో దాచుకుంటూ వస్తున్నాయి. అందులో 214 కోట్ల పైచిలుకు సెకన్లే పడతాయి మరి!

డెబియన్ లినక్స్ వాళ్లు 2025 ఆగస్టులో విడుదల చేసిన 13వ వెర్షన్ 'ట్రిక్సీ'లో ఈ చోటును 64 బిట్లకు పెంచారు. చెప్పడానికి ఒక్క ముక్కే. కానీ నాలుగు బైట్ల కోసం చూసే ప్రోగ్రాముకు లైబ్రరీ ఎనిమిది బైట్లు చేతికిస్తే లెక్కంతా గల్లంతే. అందుకని సంబంధిత లైబ్రరీ ప్యాకేజీల పేర్ల చివర 'టీ64' తగిలించి, వాటిపై ఆధారపడినవన్నీ మళ్లీ కంపైల్ చేసుకుంటూ పోయారు. పాత ఇంటెల్ 32 బిట్ల రకాన్ని మాత్రం ముట్టుకోలేదు. పాత ప్రోగ్రాములు నడపడానికే అదింకా మిగిలింది. మారిస్తే ఆ ప్రయోజనమూ పోతుంది. ఇంత చేసినా తెరమీద కొత్తగా కనిపించేది సున్నా.

మరో లినక్స్ అయిన ఉబుంటు కథ వేరు. ఫోన్‌కీ కంప్యూటర్‌కీ ఒకటే వ్యవస్థ అన్న కలతో 2013లో 'ఎడ్జ్' ఫోన్ కోసం జనాన్ని 3.2 కోట్ల డాలర్లు అడిగారు. 1.28 కోట్ల దాకా హామీలొచ్చి ఆగిపోయాయి. 2017 ఏప్రిల్‌లో ఉబుంటు వ్యవస్థాపకుడు మార్క్ షటిల్‌వర్త్ ఆ ప్రయత్నానికే స్వస్తి చెప్పారు. ఆ ఊహలో తప్పేమీ లేదు. కంపెనీ వదిలేసిన ఫోన్ వ్యవస్థను యూబీపోర్ట్స్ అనే స్వచ్ఛంద బృందం భుజానికెత్తుకుంది కాబట్టే అది ఇంకా బతికుంది.

భుజం దొరకనప్పుడు ఏమవుతుందో 2024 మార్చిలో చూశాం. ఫైళ్లను కుదించే 'ఎక్స్‌జెడ్' బరువంతా ఏళ్ల తరబడి దాదాపు ఒక్క స్వచ్ఛంద మెయింటెయినరే మోశారు. సాయానికొచ్చిన అపరిచితుడు రెండేళ్లకు పైగా బుద్ధిగా పనిచేసి, నమ్మకం కుదిరాక దొడ్డిదారి తెరిచాడు. లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు ఆరా తీయబట్టి అది స్థిరమైన డెబియన్‌లోకి చేరకముందే బయటపడింది. అదృష్టమే, ప్రణాళిక కాదు.

ఈ విషయంలో ఫెడోరా లినక్స్ పద్ధతి నాకు నచ్చుతుంది. ఏ పెద్ద మార్పు ప్రతిపాదించినా బాధ్యుడి పేరు రాయాలి, అనుకున్నది కుదరకపోతే వెనక్కి తగ్గే దారీ చూపాలి. అయితే అది విడుదల దాకా సరిపోయే ఏర్పాటు. ఆ బాధ్యుడు ఉద్యోగం మారాక, ఐదేళ్ల తర్వాత బగ్ వస్తే ఎవరు చూస్తారు? ఆ జవాబు లేని ప్రతిపాదన ఎంత ముచ్చటగా ఉన్నా పక్కన పెట్టాలి. కొత్త ఊహలు తగ్గిపోతాయనేవాళ్లుంటారు. తగ్గనివ్వండి.

మన ప్రభుత్వ సంస్థ సీడాక్ తయారుచేసే బాస్ లినక్స్‌కూ పునాది డెబియనే. స్వదేశీ ఆపరేటింగ్ సిస్టమ్ అని చెప్పుకునే ప్రభుత్వం, ఆ పునాదిలోని లైబ్రరీలను కనిపెట్టుకుని ఉండేందుకు ఎంతమందికి జీతమిస్తోందో కూడా ఏటా బడ్జెట్ పత్రాల్లో చూపించాలి.