అద్దె సాక్షులు

తోటపల్లి గూడూరులో మాకు బాగా తెలిసిన కుటుంబం ఒకటుంది. తండ్రి కౌలుకు వరి వేస్తాడు. కొడుకు నెల్లూరులో డిగ్రీ చదివి, చెన్నైలో కొన్నాళ్ళు ఉద్యోగం చేసి, కరోనా రోజుల్లో ఇంటికొచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ముందుగదిలో కూర్చుని ల్యాప్‌టాప్‌లో పని చేసుకుంటాడు. ఏం పని అని అడిగితే ‘వెబ్ మార్కెటింగ్’ అంటాడు. వాళ్ళమ్మకు అర్థమైంది ఒక్కటే, నెలనెలా జీతం వస్తుందని. ఆ జీతంతోనే అక్క పెళ్ళి అప్పు తీరుతోంది.

ఒకనాడు వాళ్ళింట్లో ప్రార్థన ముగించుకుని బయలుదేరుతుంటే, ఆ అబ్బాయి మమ్మల్ని వీధి మలుపు దాకా సాగనంపుతూ వచ్చి మెల్లగా అడిగాడు.

“అన్నా, నేనెప్పుడూ చూడని హోటల్లో భోజనం బాగుందని రాస్తుంటా. నేనెన్నడూ గడప తొక్కని ఆస్పత్రిలో డాక్టరమ్మ చక్కగా చూసిందని రాస్తుంటా. ఒక్కోసారి ఆడమనిషి పేరుతో, ఒక్కోసారి పెద్దాయన పేరుతో. అందుకే నాకు జీతం. ఇది ఉద్యోగం కిందికి వస్తుందా, అబద్ధం కిందికి వస్తుందా, మీరే చెప్పండి.”

మేము అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాం. తప్పని ఒక్క మాటలో తేల్చేసి బస్సెక్కడం తేలికే. కానీ ఆ ఇంటి అప్పు మాకు తెలుసు. పైగా ఆ ప్రశ్నలో మా తప్పు కూడా ఒకటి దాగి ఉంది. అది ముందుముందు చెబుతాం.

ముందు ఈ పని ఏమిటో తెలుసుకుందాం. ఇవాళ మనకేం కావాలన్నా ఫోన్లో వెదుకుతున్నాం. దంత వైద్యుడైనా, పిల్లలకు ట్యూషనైనా, మోటారు బాగుచేసే మనిషైనా. వెదికినప్పుడు పైన కనబడిన మూడు నాలుగు పేర్లే చూస్తాం. కింద ఉన్నవాళ్ళు మన దృష్టిలో లేనట్టే. కాబట్టి పైన కనబడటం కోసం ఒక పెద్ద వ్యాపారమే పుట్టింది. ఏ మాట కోసం ఎంతమంది వెదుకుతున్నారో చూపే పరికరాలు, వెబ్‌సైటుకు ఎవరు ఎటునుంచి వచ్చారో లెక్కగట్టే పరికరాలు, రాసిన సంగతిని చక్కగా పేర్చి ఉంచే వర్డ్‌ప్రెస్ వంటివి దానికి పనిముట్లు. వర్డ్‌ప్రెస్ 2003లో వచ్చింది. ప్రోగ్రాములు రాయడం చేతకానివాడు కూడా సొంత వెబ్‌సైటు నడుపుకోగలిగాడంటే ఇలాంటివాటి చలవే. కొడవలితో కోత కోయవచ్చు, గొంతూ కోయవచ్చు. పనిముట్టులో పాపం లేదు.

మరి వెదికే యంత్రం ఎవరిని పైన పెట్టాలో ఎలా నిర్ణయిస్తుంది? 1998లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అనే ఇద్దరు విద్యార్థులు గూగుల్‌ను మొదలుపెట్టినప్పుడు వాళ్ళ ఆలోచన చాలా సాదాగా ఉంది. ఒక పేజీ తన గురించి తాను ఏం చెప్పుకుంటుందన్నది ఒక్కటే చూస్తే చాలదు, దాని గురించి ఇతరులు ఏమంటున్నారో కూడా చూడాలి. ఒక వెబ్‌సైటు మరో వెబ్‌సైటుకు లింకు ఇచ్చిందంటే, ‘అటు వెళ్ళి చూడండి, అక్కడ సరుకుంది’ అని సాక్ష్యం చెప్పినట్టు. ఆ సాక్ష్యాలన్నిటికీ ఒకే విలువ ఉండదు. పదిమంది నమ్మే పెద్దమనిషి మాటకు బరువెక్కువ. అడిగినవాళ్ళందరికీ సాక్ష్యం చెప్పేవాడి మాటకు బరువు తక్కువ.

బైబిలు చదివేవారికి ఈ లెక్క కొత్తది కాదు. ఒక్కడి మాట మీద ఎవరినీ దోషిగా తేల్చకూడదు, ఇద్దరు ముగ్గురు సాక్షుల నోట మాట స్థిరపడాలని మోషే ధర్మశాస్త్రం ఏనాడో చెప్పింది. సాక్షుల మీద ఊరు నిలబడుతుంది గనుకనే, పొరుగువాడి మీద అబద్ధ సాక్ష్యం పలకరాదన్నది పది ఆజ్ఞల్లో ఒకటైంది. సాక్షిని నమ్మడం మొదలైన చోటే సాక్షిని కొనడం కూడా మొదలవుతుంది. నాబోతు ద్రాక్షతోట కోసం యెజెబెలు రాణి ఇద్దరు పనికిమాలిన మనుషుల్ని సాక్షులుగా నిలబెట్టింది. సాక్షుల సంఖ్య చట్టప్రకారం సరిపోయింది. నాబోతు ప్రాణం మాత్రం పోయింది.

వెదికే యంత్రాల లోకంలోనూ అదే జరిగింది. లింకులు డబ్బుకు అమ్మేవాళ్ళు పుట్టుకొచ్చారు. తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాలు రాసినట్టు, మనిషికి కనబడకుండా యంత్రానికి మాత్రమే కనబడే మాటలు పేజీల నిండా కుక్కారు. చిన్నవాళ్ళే కాదు, పెద్దవాళ్ళూ దొరికిపోయారు. 2006లో జర్మనీకి చెందిన బీఎండబ్ల్యూ కార్ల కంపెనీ వెబ్‌సైటును ఇలాంటి మాయ చేసినందుకు గూగుల్ కొన్నాళ్ళు తన జాబితాలోంచే తీసేసింది. 2011లో అమెరికాలోని జేసీ పెన్నీ అనే పెద్ద దుకాణాల సంస్థకు కొని పెట్టిన లింకుల బండారాన్ని న్యూయార్క్ టైమ్స్ పత్రిక బయటపెట్టింది. పైన వెలిగిన పేరు కిందికి జారిపోయింది. సరుకులేని పేజీలను పట్టడానికి 2011లో ‘పాండా’, కొన్న లింకులను పట్టడానికి 2012లో ‘పెంగ్విన్’ అనే సవరణలను గూగుల్ తెచ్చింది. దాంతో కొన్న లింకుల ధాటి తగ్గింది. ఇప్పుడు ఆ వ్యాపారం చుక్కల మీదికి, పొగడ్తల మీదికి మళ్ళింది. మా కుర్రాడి ఉద్యోగం అక్కడిదే.

ఇక మా తప్పు సంగతి. కొన్నేళ్ళ కిందట మేము నలుగురం కలిసి ఆడపిల్లలకు కుట్టుపని నేర్పే చిన్న కేంద్రం నడిపాం. నాలుగు మిషన్లు, ఒక టీచరమ్మ. పదిమందికి తెలిస్తే బాగుంటుందని ఒక ఏజెన్సీ వాళ్ళను పెట్టుకున్నాం. వెదకగానే మొదట కనబడేలా చేస్తామన్నారు. ఏం రాస్తున్నారో మేము సరిగా చూడలేదు. నెలకోసారి వాళ్ళు పంపే అంకెలు చూసి మురిసిపోయేవాళ్ళం. ఇంతమంది చూశారు, ఇన్ని చుక్కలు పడ్డాయి అని.

ఒక రోజు మధ్యాహ్నం ఒక తల్లి తన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. చేతిలో ట్రంకు పెట్టె. “ఇక్కడ హాస్టలుంది గదయ్యా, ఉచితమంట గదా” అంది. హాస్టలెక్కడిది? అలా ఎవరు చెప్పారమ్మా అంటే ఫోను తీసి చూపించింది. మా పేజీలోనే ఉంది. వసతి, భోజనం ఉచితమని. కింద ఎవరో ‘పాత విద్యార్థిని’ రాసిన పొగడ్త కూడా ఉంది, హాస్టల్లో అమ్మలా చూసుకున్నారని. అలాంటి విద్యార్థినే లేదు. పైగా వాళ్ళు గూడూరు అన్న పేరు చూసి రైలు దిగి గూడూరు పట్నంలో సగం పూట వెదికారు. ఈ గూడూరు వేరు, నెల్లూరుకు తూర్పున సముద్రం వైపున్న తోటపల్లి గూడూరని తర్వాత తెలిసి, నెల్లూరొచ్చి మళ్ళీ బస్సెక్కారు. పేజీలో ఉండాల్సిన దారి లేదు. ఉండకూడని హాస్టలుంది.

ఆ రాత్రి వాళ్ళిద్దరికీ టీచరమ్మ ఇంట్లోనే పడక వేసింది. పొద్దున్నే చార్జీలిచ్చి పంపాం. ఆ తల్లి మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అని ఉంటే మాకు కాస్త నయంగా ఉండేది. మేము అబద్ధమాడలేదు. అబద్ధమాడే పని మరొకరికి అప్పగించి, చూడకుండా కళ్ళు మూసుకున్నాం. నాబోతు విషయంలో అహాబు రాజు చేసిందీ అదే కదా. ఉత్తరాలు రాసింది రాణి. ముద్ర మాత్రం రాజుగారిది.

ఇందుకే చెబుతున్నాం, ఆన్‌లైన్ అబద్ధానికి మనిషి కనబడడు గనుక బాధితుడు లేడనుకోవడం భ్రమ. ఆ పొగడ్త చివర ఎక్కడో ఒక మనిషి ట్రంకు పెట్టెతో బస్సెక్కుతున్నాడు. రాయని ఆపరేషన్‌కు డాక్టర్ని పొగిడితే ఎక్కడో ఒక రోగి ఆ టేబుల్ మీద పడుకుంటాడు.

‘అందరూ చేస్తున్నారు, మేము చేయకపోతే మునిగిపోతాం’ అని వ్యాపారులు అంటారు. ఆ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. నిజాయితీగా రొయ్యల పచ్చడి పెట్టి అమ్మే ఇల్లాలి పేరు అడుగున ఉండి, దొంగ చుక్కలు కొన్నవాడి పేరు పైన ఉంటే అది అన్యాయమే. కానీ ఆ అన్యాయానికి కారణం దొంగ సాక్షులే. మనమూ ఇద్దరు దొంగ సాక్షుల్ని తెచ్చిపెడితే న్యాయస్థానం బాగుపడదు. సాక్ష్యమన్న మాటకే విలువ పోతుంది. అప్పుడు మునిగేది ఆ ఇల్లాలే.

కనబడటమే తప్పని మేము అనడం లేదు. దీపాన్ని వెలిగించి కుంచం కింద ఎవరూ పెట్టరని ప్రభువే చెప్పాడు. అదే ప్రసంగంలో, నలుగురూ చూడాలని వీధి మూలల్లో నిలబడి ప్రార్థన చేయవద్దనీ చెప్పాడు. ఈ రెండూ ఎదురుబొదురు మాటలు కావు. దీపస్తంభం మీద పెట్టేది ఇంట్లోవాళ్ళకు దారి కనబడాలని. వీధి మూలలో నిలబడేది మనం కనబడాలని. తేడా అంతా అక్కడే ఉంది.

దారి కనబడేలా చేసినవాళ్ళు మన తెలుగువాళ్ళలోనే ఉన్నారు. 2000 తర్వాత తొలి సంవత్సరాల్లో చాలా తెలుగు పత్రికల వెబ్‌సైట్లు ఎవరి సొంత ఫాంటు వాళ్ళు వాడేవి. కంటికి తెలుగులా కనబడినా యంత్రానికి అవి అర్థంలేని గుర్తులే. వెదికితే దొరికేవి కావు. రోజూ ఇంత తెలుగు అచ్చవుతున్నా ఇంటర్నెట్‌లో తెలుగు లేనట్టే ఉండేది. ఆ గుర్తుల్ని అందరికీ ఒకటే అయిన యూనికోడ్ అక్షరాల్లోకి మార్చే ‘పద్మ’ అనే పనిముట్టును వెన్న నాగార్జున తయారుచేశారు. మామూలు కీబోర్డు మీదే తెలుగు రాసుకునే ‘లేఖిని’ని వీవెన్ అందించారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. ఎందరో జీతం లేకుండా కూర్చుని ఊళ్ళ గురించి, పంటల గురించి రాశారు. వాళ్ళు లేనిదాన్ని ఉన్నట్టు చూపలేదు. ఉండీ కనబడనిదాన్ని కనబడేలా చేశారు. వెబ్ పనికి ఇంతకంటే మంచి నిర్వచనం మాకు తెలియదు.

అంకెల మోజు గురించి మన నెల్లూరు, ఒంగోలు ప్రాంతపు చరిత్రలోనే ఒక పాఠముంది. 1876-78 నాటి ఘోరమైన కరవులో, ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంతభాగం తవ్వే పనిని కాంట్రాక్టుకు తీసుకుని వేలాదిమందికి కూలి చూపించాడు. ఆకలితో ఉన్నవాళ్ళలో ఎందరో బాప్తిస్మం ఇవ్వమని అడిగారు. ఆయన ఇవ్వలేదు. తిండి కోసం చేరారన్న మాట రాకూడదని, కరవు సాయం నడిచినంతకాలం ఆపేశాడు. విదేశంలో తన పనికి చందాలిచ్చేవాళ్ళకు చూపించుకోవడానికి అంతకంటే మంచి అంకెలు దొరకవు. అయినా వద్దన్నాడు. సాయం ఆగిన తర్వాత, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్య చరిత్రలో నిలిచింది. కానీ మాకు గొప్పగా తోచేది ఆ రోజు కంటే, అంకెలు వద్దనుకున్న ఆ ముందటి నెలలే.

చట్టం కూడా ఇప్పుడిప్పుడే మేలుకుంటోంది. మోసపు ప్రకటనల మీద 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. ఆన్‌లైన్ అభిప్రాయాలు నిజమైనవే అయి ఉండాలని 2022లో భారత ప్రమాణాల సంస్థ ఒక ప్రమాణాన్ని ప్రకటించింది. అమెరికాలో 2024లో దొంగ అభిప్రాయాలను నిషేధిస్తూ నిబంధన వచ్చింది. అయితే సమస్య ముదురుతోంది కూడా. ఇప్పుడు వెదికితే పేర్ల జాబితాకు ముందే కృత్రిమ మేధ తయారుచేసిన జవాబు కనబడుతోంది. ఆ యంత్రం పదిమంది రాసిన మాటలు కలిపి ఒక మాటగా చెబుతుంది. పదిలో ఆరు అద్దె సాక్ష్యాలైతే, అవి ఎవరివో కూడా తెలియకుండా యంత్రం నోట సత్యంలా వినిపిస్తాయి.

మరి ఏం చేయాలి? చిన్న వ్యాపారులకు, సంఘాలకు మా సలహా ఇంతే. పేరు, ఊరు, ఫోను నంబరు, తెరిచే వేళలు సరిగా రాయండి. గూగుల్‌లో దుకాణం వివరాలు పెట్టుకోవడానికి పైసా ఖర్చు లేదు. టీపీ గూడూరని మాత్రమే రాసి ఊరుకోకండి, నెల్లూరు నుంచి దారి చెప్పండి. మీ దుకాణం ఫొటో మీరే తీసి పెట్టండి. తెలుగులో కూడా రాయండి, మనవాళ్ళు తెలుగులోనే వెదుకుతున్నారు. కొన్నవాళ్ళనే అభిప్రాయం రాయమని అడగండి, దానికి డబ్బో తగ్గింపో ఆశ చూపకండి. మొదటి స్థానం గ్యారంటీ అనేవాడిని నమ్మకండి, ఆ స్థానం అమ్మే హక్కు వాడికి లేదు. మీ పేరుతో ఎవరేం రాస్తున్నారో నెలకోసారైనా కూర్చుని చదవండి. ఆ ఒక్క పని మేము చేసి ఉంటే ఆ తల్లి అంతదూరం వచ్చేది కాదు.

ఆ అబ్బాయికి వారం తర్వాత ఫోన్ చేశాం. మా కుట్టు కేంద్రం కథంతా చెప్పి, ‘ఉద్యోగం మానెయ్యమని చెప్పే హక్కు మాకు లేదు నాయనా, కానీ నువ్వు చూడనిదానికి సాక్ష్యం చెప్పకు’ అన్నాం. అతడు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత కొన్నాళ్ళకు తన పైవాడితో మాట్లాడానని చెప్పాడు. పొగడ్తలు రాసే పనిలోంచి తప్పించి, వెబ్‌సైట్లలో పాత తప్పులు సరిదిద్దే పనిలో వేశారట. ప్రతి నెలా వచ్చే ఇన్సెంటివ్ పోయింది. అప్పు తీరడానికి ఇంకో ఏడాది పట్టవచ్చు. వాళ్ళమ్మకు ఆ సంగతి ఇంకా చెప్పలేదన్నాడు.

“చెప్పు నాయనా. ముందు ఇంట్లో నిజం చెప్పు” అన్నాం.