ట్రాన్స్‌జెండర్ల హక్కులు కార్మికోద్యమానికి బయటివి కావు

సంపాదకులు గారికి,

గత సంచికలో వామపక్ష ఉద్యమాల మీద వచ్చిన వ్యాసం చదివాను. ట్రాన్స్‌జెండర్ల హక్కులనేవి చదువుకున్న మధ్యతరగతి తెచ్చిపెట్టిన గొడవ అనీ, కూలీ, భూమి, జీతం లాంటి అసలు సమస్యల నుంచి అది జనాన్ని పక్కదారి పట్టిస్తోందనీ వ్యాసకర్త రాశారు. నేను పారిశుధ్య కార్మికుల సంఘంలో చాలాకాలంగా పనిచేస్తున్నాను. సోషలిజం మీద నాకున్న నమ్మకంతోనే ఈ మాటతో విభేదిస్తున్నాను.

కూలీ, జీతం అన్నారు కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడతాను. మా ఊళ్లో ఔట్‌సోర్సింగ్ కింద రోడ్లు ఊడ్చే పనిలో ఒక ట్రాన్స్ మహిళ చేరింది. ఆధార్‌లో కొత్త పేరు మార్పించుకుంది గానీ, పీఎఫ్, బ్యాంకు ఖాతాలు పాత పేరు మీదే ఉండిపోయాయి. పేర్లు కలవడం లేదని కాంట్రాక్టరు ఆమె జీతం ఆపేశాడు. రోజూ మస్తరు వేయించుకున్నాడు, తెల్లవారకముందే చీపురు పట్టించాడు, జీతం దగ్గరికి వచ్చేసరికి మాత్రం నువ్వెవరో ముందు తేలాలన్నాడు. ఆమె పక్కన పనిచేసే ఆడవాళ్లే మా దగ్గరికి తీసుకొచ్చారు. వాళ్లకు ఏ సిద్ధాంతమూ తెలియదు. తమతోపాటు ఎండలో ఊడ్చిన మనిషికి డబ్బు రాలేదన్న సంగతి తెలుసు. ఇది కూలీ ఎగవేత కాకపోతే మరేమిటో వ్యాసకర్త చెప్పాలి.

అసలు ఆ పని దాకా రాగలిగేవాళ్లే తక్కువ. కొడుకనుకున్న బిడ్డ చీర కట్టుకోగానే ఇంట్లోంచి గెంటేస్తారు. అప్పటికి పదో తరగతి కూడా పూర్తికాదు. గెంటేసేటప్పుడు పరువు గురించే మాట్లాడతారు గానీ, దానితోపాటే ఇంట్లో, పొలంలో రావలసిన వాటా కూడా పోతుంది. కుటుంబం రూపం ఆస్తి సంబంధాలతోపాటు మారుతూ వచ్చిందని ఎంగెల్స్ 1884లోనే పుస్తకం రాశాడు. దాన్ని అధ్యయన తరగతుల్లో చెప్పుకునే మనం, ఆస్తి కోసం, వంశం కోసం కట్టుకున్న ఆ కుటుంబం ఎవరిని బయటికి విసిరేస్తోందో చూడకపోతే ఎలా? విసిరేయబడిన పిల్లకు మిగిలేది హిజ్రా సమూహంలో ఒక గురువు పంచన చేరడం, దుకాణాల దగ్గర చేయి చాపడం, లేదా ఒళ్లు అమ్ముకోవడం. గురువు దగ్గర తిండి, నీడ, రక్షణ దొరుకుతాయి. సంపాదనలో వాటా కూడా ఇవ్వాల్సి వస్తుంది. ఆ ఏర్పాటును తిట్టడం తేలికే. దానికి బదులుగా మనం చూపించిన దారి ఏదీ?

రాజ్యం వీళ్లను ఎలా చూసిందో కూడా గుర్తుచేసుకోవాలి. నేరస్థ తెగల చట్టం అనగానే మనకు స్టూవర్టుపురం గుర్తొస్తుంది, ఎరుకల కుటుంబాల హాజరీలు గుర్తొస్తాయి. బ్రిటిష్‌వాళ్లు ఆ పేరుతో 1871లో తెచ్చిన మొదటి చట్టానికి రెండో భాగం ఉంది. అది ఉత్తరాదిలోని హిజ్రాల పేర్లు పోలీసు రిజిస్టర్లకు ఎక్కించడానికి రాసింది. అదే పద్ధతిలో నిజాం రాజ్యంలో 1919లో ఒక చట్టం వచ్చింది. హైదరాబాద్‌లో అనుమానం ఉన్న హిజ్రాల పేర్లు రిజిస్టరులో రాసుకోవడం, వాళ్లు ఆడవేషంలో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా పట్టుకోవడం, రెండేళ్ల దాకా జైలు. నిజాం పోయాడు, సాయుధ పోరాటం జరిగింది, రాష్ట్రం రెండుసార్లు మారింది. ఆ చట్టం మాత్రం పుస్తకాల్లోనే ఉండిపోయింది. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు కొట్టేసేదాకా దానికి కాలం చెల్లలేదు. అదే తీర్పులో వీళ్లకు ఆసరా పింఛను ఇవ్వాలని కూడా చెప్పింది. కోర్టుకెక్కింది ట్రాన్స్‌జెండర్ కార్యకర్తలు. నిజాం చట్టాలమీద అంత పోరాడిన సంప్రదాయం మనది, ఈ ఒక్క చట్టం మన కంట పడకపోవడం నాకు బాధగా ఉంది.

సోషలిస్టుల చరిత్ర ఈ విషయంలో మచ్చలేనిదని నేను అనను. స్వలింగ సంబంధాలను సమర్థించిన ఒక రచయితను ఎగతాళి చేస్తూ ఎంగెల్స్ 1869లో మార్క్స్‌కు రాసిన ఉత్తరం ఉంది. కానీ అలాంటి సంబంధాలను నేరంగా చూసే చట్టాన్ని ఎత్తేయాలని 1898లో జర్మన్ పార్లమెంటులో మాట్లాడింది అక్కడి సోషలిస్టు పార్టీ నాయకుడు ఆగస్ట్ బేబెలే. విప్లవం తర్వాత రష్యా 1922 శిక్షాస్మృతిలో ఆ నేరం లేదు, 1934లో స్టాలిన్ దాన్ని మళ్లీ తెచ్చాడు. క్యూబా 1960లలో స్వలింగ సంబంధాలున్న మగవాళ్లను శ్రమ శిబిరాలకు పంపింది. ఆ అన్యాయానికి బాధ్యత తనదేనని ఫిడెల్ కాస్ట్రో 2010లో ఒప్పుకున్నాడు. అప్పటికే ఆ దేశంలో లింగమార్పిడి శస్త్రచికిత్సలు ప్రభుత్వ ఖర్చుతో చేయడానికి 2008లో ఉత్తర్వులు వచ్చాయి. ఇవన్నీ నేరుగా ట్రాన్స్‌జెండర్ల గురించినవే కాకపోవచ్చు, కానీ ఆ సంబంధాలున్నవాళ్లనూ వీళ్లనూ వేధించిన చట్టాలు, పోలీసులు ఒక్కటే. పెట్టుబడిదారీ వ్యవస్థ మీద ఎంత కోపం ఉన్నా, పాత కుటుంబ నీతిని అలాగే మోసుకొచ్చిన చోట సోషలిస్టులు కూడా జైళ్లే కట్టారు. ఈ పాఠం మనది, దాన్ని దాచుకోవడం దేనికి?

ఇది మధ్యతరగతి వ్యవహారం అనేవాళ్లు లెస్లీ ఫైన్‌బర్గ్ గురించి తెలుసుకోవాలి. అమెరికాలోని బఫలోలో కార్మిక కుటుంబంలో పెరిగి, ఫ్యాక్టరీల్లో పనిచేసి, కమ్యూనిస్టుగా బతికిన మనిషి. ట్రాన్స్‌జెండర్ విముక్తి మీద 1992లో మార్క్సిస్టు దృష్టితో ఒక చిన్న పుస్తకం వేసింది ఆ మనిషే.

ఉద్యోగం ఒక్కటే ఇచ్చి ఊరుకుంటే ఏమవుతుందో కేరళ చూపించింది. 2017లో కొచ్చి మెట్రోలో 23 మంది ట్రాన్స్‌జెండర్లకు పని ఇచ్చారు. దేశమంతా మెచ్చుకుంది. కొద్ది వారాల్లోనే కొందరు మానేశారు. ఊళ్లో ఎవరూ ఇల్లు అద్దెకివ్వలేదు, లాడ్జీల్లో ఉందామంటే వచ్చే జీతం వాటి అద్దెకే చాలలేదు. మన హైదరాబాద్‌లో 2024 డిసెంబరులో 39 మందిని ట్రాఫిక్ అసిస్టెంట్లుగా తీసుకున్నారు. మంచి పని. కానీ డ్యూటీ దిగాక వాళ్లు ఏ గదికి వెళ్తున్నారు, ఆ గదికి ఎంత కడుతున్నారు అని అడగాల్సింది సంఘాలే. అద్దె ఇళ్ల సమస్య మీద మనం ధర్నాలు చేయలేదా?

రిజర్వేషన్ సంగతి కూడా ఇంతే. 2014లో సుప్రీంకోర్టు ఇచ్చిన నాల్సా తీర్పు వీళ్లను వెనుకబడిన వర్గంగా చూడమంది. అందరినీ ఒకే బీసీ జాబితాలో వేస్తే, మాదిగ ఇంట్లోనో లంబాడీ తండాలోనో పుట్టిన ట్రాన్స్ మనిషి అప్పటికే ఉన్న హక్కును వదులుకుని కొత్తది తీసుకోవాలా? అందుకే ఏ కులంవాళ్లకు ఆ కులం కోటాలోనే కొంత భాగం కేటాయించాలన్నది వాళ్ల డిమాండు. కర్ణాటక 2021లో ఇలాగే ఒక శాతం ఇచ్చింది. కులాన్నీ వర్గాన్నీ కలిపి చూడాలని ఇన్నేళ్లుగా మనం చెబుతున్నదాన్ని వాళ్లు తమ బతుకులోంచి చెబుతున్నారు.

వచ్చే నెల మా సంఘం జిల్లా మహాసభలో నేను ఒక తీర్మానం పెడుతున్నాను. ట్రాన్స్‌జెండర్ కార్మికులకు సభ్యత్వం ఇవ్వాలి. పేరు మార్పు కాగితాల కోసం జీతం ఆపే కాంట్రాక్టరు మీద లేబర్ ఆఫీసులో సంఘమే ఫిర్యాదు చేయాలి. మున్సిపల్ కార్మికులకు ఇళ్ల స్థలాలు అడిగే జాబితాలో వాళ్ల పేర్లూ ఉండాలి. వ్యతిరేకించేవాళ్లు ఉంటారని తెలుసు. వ్యాసకర్త కూడా వచ్చి తన వాదన అక్కడ వినిపిస్తే సంతోషిస్తాం. మొదట్లో చెప్పిన ఆ ట్రాన్స్ మహిళ కూడా మాట్లాడతానంది. తీర్మానం గెలిచినా ఓడినా దాని ప్రతిని మీకు పంపుతాను, వేయగలిగితే వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
ఖమ్మం